గుడ్డివేషం

మా బావ సఫారీ గైడు. అడవిలో ఏ జంతువైనా అందరికన్నా ముందు ఆయన కంటనే పడేది. చూసింది మాత్రం అందరికన్నా ఆఖరున తానే అన్నట్టు ఉండేవాడు. ఆయన పనితనమంతా అక్కడే ఉంది.

వేలు పెట్టి చూపించే గైడుని చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "వేలు పెట్టి చూపిస్తే అది నీ జింకరా, వాళ్ళది కాదు. వాళ్ళంతట వాళ్ళు చూశారనుకో, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటారు" అనేవాడు. అందుకని రెల్లుగడ్డిలో దుప్పి కనబడగానే చైను జారిందని సైకిలు దిగి కూర్చునేవాడు. కొమ్మ మీద గద్ద ఉంటే సరిగ్గా దాని కింద ఆగి, మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయా అని అతిథుల్ని పరామర్శించేవాడు. వాళ్ళు మంచినీళ్ళు తాగి ఊపిరి పీల్చుకుని అటూ ఇటూ చూసేసరికి ఎవరో ఒకరు "అదిగో" అనేవారు. "ఎక్కడండీ?" అని బావ వెర్రిమొహం వేసుకుని ఇంకెటో చూసేవాడు. వాళ్ళు ఆయన భుజాలు పట్టుకుని తిప్పి మరీ చూపించేవాళ్ళు. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి, అడవి కొనుక్కున్నట్టు ఉండేవి. క్యాంపులో మేమంతా ఆ విద్యకు గుడ్డివేషం అని పేరు పెట్టుకున్నాం.

ఆ వేషం మూలంగానే బావ కళ్ళు నిజంగా పోతున్న సంగతి మాకెవరికీ తెలియలేదు. తెలిసేసరికి మిగిలింది చాలా కొంచెం. ఆ కొంచెంతోనే ఆయన అతిథుల్ని వెంటబెట్టుకుని ఏనుగులు తిరిగే దారిలో ముందు సైకిలు తొక్కుతున్నాడు.

నేను ఆయన బావమరిదిని. పడవ నడుపుతాను. మా అక్క క్యాంపు వంటగది చూస్తుంది. బావమరిది బతకగోరు అని సామెత ఊరికే పుట్టలేదు. ఏ పనిలోనూ నిలవకుండా తిరుగుతున్న నన్ను చెవి పట్టుకుని తీసుకొచ్చి పడవలో కూర్చోబెట్టింది ఆయనే. నీళ్ళ మీద గాలి ఎటు తిరుగుతుందో, ఇంజను ఎక్కడ ఆపితే పక్షి లేవదో ఆయన నేర్పితే నేర్చుకున్నాను. తిట్లు కూడా బాగానే తిన్నాను.

మాది పొట్టి సఫారీ, రెండు రోజుల ముచ్చట. మొదటి రోజు క్యాంపు నుంచి కట్ట మీదుగా సరస్సు దాకా సైకిళ్ళ మీద వెళ్ళాలి. అక్కడ సైకిళ్ళన్నీ పడవ పైకప్పుకు కట్టేసి, నీళ్ళలో మొసళ్ళనీ నీటికుక్కలనీ చూసుకుంటూ అవతలి గట్టుకు చేరి, గుడారాల్లో పడుకోవాలి. మర్నాడు ఆ గట్టున అడవి దారిలో సైకిళ్ళ మీద ఒక చుట్టు, మళ్ళీ పడవ, మళ్ళీ క్యాంపు. కుర్చీలకు అతుక్కుపోయి బతికేవాళ్ళకు ఒళ్ళు హూనం చేసుకోవడం కూడా సరదాయే. ముందు సైకిలు బావది. ఆ దారి ఆయన పాదాలకు కంఠతా వచ్చు. చివరి సైకిలు నాది. పంచర్లు వేయడం, వెనకబడి ఏడుపుమొహం పెట్టినవాళ్ళను బుజ్జగించడం నా వాటా.

గుడ్డివేషానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, ఏనుగు. ఏనుగు దగ్గర వేషాలు లేవు. ముందున్నవాడికి అనుమానం వస్తే చాలు, చెయ్యి పైకెత్తి ఆగిపోవాలి. మాట వినబడకూడదు, బెల్లు మోగకూడదు. సైకిళ్ళు వెనక్కి తిప్పుకుని నడిపించుకుంటూ వచ్చేయాలి. ఈ నియమం పెట్టింది కూడా మా బావే.

ఈ సీజను మొదట్లో ఒక జంట వచ్చారు. భర్త మెడలో కెమెరా చంటిపిల్లను వేలాడేసుకున్నట్టు ఉంది. ఆవిడ బ్యాంకులో మేనేజరట, మాటకు ముందు నవ్వే మనిషి. మొదటి రోజు పడవలో బావ ముందు బల్ల మీద కూర్చుని, తన చిన్నప్పుడు ఈత రాక మునిగిన కథ చెబుతున్నాడు. గట్టున బురదలో నీటికుక్కలు చేపను చీల్చుకు తింటున్నాయి. నేను ఇంజను ఆపేశాను. బావ కథ చెబుతూనే ఉన్నాడు.

"అరె, అవిగో" అంది మేనేజరమ్మ గుసగుసగా.

"ఎక్కడండీ?" అన్నాడు బావ.

ఆవిడ చూపించింది. బావ తల కొంచెం తిప్పాడు, ఇంకొంచెం తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఆ తడుముకోవడం ఎంత సహజంగా ఉందంటే నాకే ముచ్చటేసింది. ఈ మనిషి వయసు పెరిగేకొద్దీ ఆరితేరిపోతున్నాడు అనుకున్నాను. గట్టు చేరాక అందరికన్నా ముందు దిగబోయి, చెక్క మీద వేయాల్సిన కాలు పక్కన వేసి మోకాలిలోతు బురదలో దిగబడ్డాడు. అందరూ నవ్వారు. "నీటికుక్కల్ని పలకరించి వద్దామని దిగాను" అని ఆయనా నవ్వాడు.

మర్నాడు పొద్దున అడవి దారిలో ఎప్పటిలాగే వెళుతున్నాం. బావ ముందు, వెనక ఆ జంట, ఆఖరున నేను. దారి మలుపు తిరిగే చోట కుడివైపు రెల్లు నిలువెత్తు పెరిగి ఉంటుంది. ఆ రెల్లు అంచున ఏనుగు నిలబడి ఉంది. ఒంటరి మగది. సగం ఒళ్ళు గడ్డిలో ఉంది, సగం బయటే ఉంది. చెవులు ఊపడం లేదు.

బావ చెయ్యి ఎత్తలేదు. సైకిలు ఆపలేదు. ఎడంచేత్తో హ్యాండిలు పట్టుకుని, తల వెనక్కి తిప్పకుండానే ఆ జంటకు ఏదో హాస్యం చెబుతూ ఏనుగు పక్కకే తొక్కుకుంటూ పోతున్నాడు.

ఒక్క క్షణం నాకు బుర్ర పనిచేయలేదు. మనిషికి పిచ్చిగానీ ఎక్కలేదు కదా అనిపించింది. "బావా, ఆగు" అన్నాను. నియమం ప్రకారం అది తప్పు. కానీ నా నోరు నా మాట వినలేదు. బావ బ్రేకు పట్టాడు. ఏనుగు తొండం చాపితే ఆయన టోపీ అందేంత దగ్గరగా ఆగాడు. ఆగి, నా వైపు తిరిగి, "ఏమైందిరా?" అన్నాడు. అప్పుడు నేను ఆయన కళ్ళు చూశాను. అంతటి ఏనుగు ఆయన భుజం పక్కన ఉంది. ఆ కళ్ళలో ఏనుగు లేదు.

ఏనుగు బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు విని ఆయన బిగుసుకుపోయాడు. మేమంతా బొమ్మల్లా నిలబడ్డాం. కెమెరా ఆయన మాత్రం టకటకా నొక్కుతూనే ఉన్నాడు. ఏనుగుకు మా మీద ఏ దయ కలిగిందో, విసుగే పుట్టిందో, తల ఒకసారి విదిలించి దారికి అడ్డంగా నడిచి అవతలి చెట్లలోకి వెళ్ళిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయి మళ్ళీ నెమ్మదిగా దిగాయి.

"ఇంత గుండె ధైర్యం నేనెక్కడా చూడలేదండీ" అంది మేనేజరమ్మ వణుకుతూ, నవ్వుతూ. "అంత దగ్గరగా తీసుకెళ్ళి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు."

బావ మొహం తుడుచుకున్నాడు. "ముందు చూసింది మీరే కదండీ" అన్నాడు.

మధ్యాహ్నం క్యాంపుకు చేరి ఆ జంటను సాగనంపాక, సైకిళ్ళు కడిగే చోట ఆయన్ని పట్టుకున్నాను. ఆయన చక్రం తిప్పుతూ బురద మీద నీళ్ళ గొట్టం పట్టాడు. నీళ్ళు సగం చక్రం మీదా సగం నా కాళ్ళ మీదా పడుతున్నాయి. పొద్దుటి నుంచీ ఉడుకుతున్న కోపమంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"ఏనుగు దగ్గర వేషాలేంటి బావా? చంపేద్దామనుకున్నావా మమ్మల్ని?"

ఆయన గొట్టం కింద పెట్టాడు. అటూ ఇటూ ఎవరైనా ఉన్నారా అని చూడబోయి, మానేశాడు.

"వేషం కాదురా" అన్నాడు.

నాకు అర్థమయ్యింది. అయినా ఆయన నోటివెంట వినేదాకా నమ్మకూడదని మొండిగా నిలబడ్డాను.

"ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది. నీ మొహం కనబడుతోంది, మీసం దగ్గర గ్రీజు కూడా కనబడుతోంది. పక్కలు లేవు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. మొదట్లో నాకూ తెలీలేదు. చూడనట్టు ఉండడం అంత అలవాటైపోయింది కదా. ఎవరో అదిగో అంటారు, నేను ఎక్కడండీ అంటాను, వాళ్ళు చూపిస్తారు. పని బ్రహ్మాండంగా సాగుతోందనే అనుకున్నా. ఒకరోజు అతిథులు వెళ్ళిపోయాక ఊరికే కూర్చుని గుర్తు చేసుకుంటుంటే తట్టింది. ఆ రోజు నేను ముందు చూసింది ఒక్కటీ లేదు. అన్నీ వాళ్ళే చూశారు, నాకూ వాళ్ళే చూపించారు."

"ఎప్పటి మాట ఇది?"

"పోయినేడు వానలకు ముందు."

"అప్పటినుంచీ నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నావా? అక్కకి తెలుసా?"

"తెలీదు. ఎవరికని చెప్పను? ఇది తప్ప నాకు ఇంకో పని వచ్చా?"

ఆయన గొట్టం కోసం చెయ్యి చాపి నేల తడుముతున్నాడు. తీసి చేతికిచ్చాను.

ఆ వారమే అక్కకు చెప్పి, ముగ్గురం పట్నంలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. బావ తలను ఒక పెద్ద తెల్ల గిన్నెలాంటి దాంట్లో పెట్టించి, చేతికి మీట ఇచ్చారు. పక్కల్లో చుక్క వెలిగినప్పుడల్లా నొక్కాలి. మేము గాజు తలుపు ఇవతల నిలబడ్డాం. ఆయన వేలు మీట మీద సిద్ధంగానే ఉంది, చెప్పిన మాట వినే బడిపిల్లాడిలా వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. నొక్కడం మాత్రం ఎప్పుడో గానీ లేదు. అక్క నా మోచెయ్యి పట్టుకుని, "చుక్కలు వెలగడం లేదేమోరా, మిషను పాడైందేమో అడగరా" అంది. తరవాత డాక్టరమ్మ తన చేతిని ఆయన చెవి పక్కనుంచి ముందుకు జరుపుతూ, కనబడగానే చెప్పమంది. చెయ్యి ముక్కు దగ్గరికి వచ్చేదాకా బావ చెప్పలేదు.

నీటికాసులు, అంటే గ్లాకోమా అని చెప్పింది డాక్టరమ్మ. నొప్పి ఉండదట, ఎరుపు ఉండదట. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు తినేస్తుందట. పోయిన చూపు ఆపరేషనుతో కూడా తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలపడానికి చుక్కల మందు వేసుకోవాలి, కానీ ఈ దశలో అది కూడా నిలుస్తుందని మాట ఇవ్వలేనంది.

"మామూలుగా ఇంట్లోవాళ్ళే ముందు కనిపెడతారమ్మా" అంది అక్కతో. "తలుపులు గుద్దుకుంటారు, పక్కనున్న గ్లాసులు తన్నేస్తారు. మీరు గమనించలేదా?"

"గమనించానండీ" అంది అక్క. "ఆయన ఎప్పుడూ వేళాకోళం మనిషి. గ్లాసు తన్నితే నేను నవ్వేదాన్ని. ఇంకోటి పెడితే అదీ తన్నేవారు. ఇంకా నవ్వేదాన్ని."

డాక్టరమ్మ మందుచీటీ రాస్తూ తలెత్తలేదు. బావ మాత్రం అక్క వైపు చూసి, "నిన్ను నవ్వించానా లేదా, అది చెప్పు" అన్నాడు. అక్క అక్కడే, అంతమంది మధ్యలో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చాక నేను ఒకటే చెప్పాను. రేపటి నుంచి ముందు సైకిలు నేను తొక్కుతాను, నువ్వు పడవలో కూర్చుని కథలు చెప్పు, క్యాంపు నడిపే మేడంతో నేను మాట్లాడతాను అన్నాను. బావ ఒప్పుకోలేదు.

"దారి నాకు తెలుసు. వెనక నువ్వున్నావు. కుడివైపు ఏదైనా ఉంటే ఒకసారి దగ్గు, ఎడమవైపైతే ఈల వెయ్యి. ఈ సీజను ఇలా గట్టెక్కిద్దాం."

"దగ్గితే ఏనుగు వినదా?"

"విన్నా ఏమీ చేయలేదుగా మొన్న."

"మొన్న దానికి మనసు బాగుంది బావా. రోజూ బాగుంటుందా?"

"నువ్వు నాకు పాఠాలు చెప్పేంతవాడివయ్యావు" అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అక్క నన్ను బయటికి పిలిచి, ఈ సీజను వరకేగా, ఆయన మాట కాదనకురా అని బతిమాలింది. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ దారిలో వచ్చేది మనుషులు. నన్ను నమ్మి కాదు, ఆయన కళ్ళను నమ్మి వస్తారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటి ఉంది. కెమెరా ఆయన పంపిన ఫొటోలో బావ సైకిలు మీద ధీమాగా నిలబడి ఉన్నాడు, వెనక గోడలాగా ఏనుగు. మా మేడం దాన్ని నిలువెత్తున అచ్చు వేయించి ఆఫీసులో తగిలించింది. ప్రతి ట్రిప్పూ ఆ రెల్లు మలుపు మీదుగానే వెళ్ళాలని హుకుం జారీ చేసింది. అది చూసే జనం వస్తున్నారని మురిసిపోయింది. ఆ ఫొటోలో మా బావ చూపులు ఎటున్నాయో ఎవరూ చూడలేదు.

నేను ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మేడం చెడ్డమనిషి కాదు. శ్రద్ధగా వింది, బావను పిలిపించింది.

జన్మంతా చూడనట్టు నటించినవాడు ఆ రోజు చూస్తున్నట్టు నటించాడు. గుమ్మం ఎక్కడో, బల్ల ఎక్కడో ఆయనకు తెలుసు. కుర్చీని ఒడుపుగా తప్పుకుని వచ్చి నిలబడ్డాడు. మాట్లాడేముందు తలను నెమ్మదిగా గది చుట్టూ తిప్పి, ఆ గొట్టం చూపుతోనే దొరికినవన్నీ దొరికినట్టు ఏరుకున్నాడు. "ఆ మ్యాపు ఎడంపక్కకి ఒరిగింది మేడం. గడియారం ఆగిపోయింది, చూశారా? కళ్ళజోడు కొత్తదిలా ఉంది, మీకు బాగుంది" అన్నాడు. నిజంగానే గడియారం ఆగిపోయి ఉంది. మేడం కూడా అప్పుడే చూసింది.

"ఆసుపత్రికి వెళ్ళాడట కదా మీ ఆయన, ఏమన్నారు?" అని, టీ తెచ్చిన మా అక్కను అడిగింది.

అక్క నా వైపు చూడలేదు. "అద్దాలు మార్చుకోమన్నారండీ" అంది.

మేడం నా వైపు తిరిగింది. "బావ స్థానం మీద కన్నేశావా ఏంటి? అడిగితే నేనే వచ్చే ఏడు చూసేదాన్ని కదా" అంది, నవ్వుతూనే. చెంప మీద కొట్టినా అంత మంటగా ఉండేది కాదు. బావ నా భుజం మీద చెయ్యి వేయబోయాడు. అది గాలిలో నా భుజం పక్కగా పోయింది. ఆయన ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. అది కూడా నాకొక్కడికే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఒక కుటుంబం వచ్చింది. తాతగారు, కొడుకూ కోడలూ, కొత్త బూట్లు చూసుకుని మురిసిపోతున్న మనవరాలు. పిల్లకు ముందు వరసలో, సరిగ్గా బావ వెనక తొక్కాలని సరదా. "ఏనుగు వస్తే నేనే ముందు చూస్తా" అని అందరితో పందెం కాస్తోంది. క్యాంపు ముందు సైకిళ్ళు వరసగా నిలబెట్టారు. మేడం మెట్ల మీద నిలబడి ఉంది. అక్క దారిలో తినడానికి రొట్టెలు కట్టి తెచ్చింది. బావ సైకిలెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి, ఎదురుగా నిలబడ్డ వాళ్ళకు బ్రేకులు ఎలా పట్టాలో, ఎందుకు మాట్లాడకూడదో చెబుతున్నాడు. ఎంత బాగా చెబుతాడో. ఆ తాతగారు కూడా చెవి ఒగ్గి వింటున్నాడు.

నేను ఆ పిల్ల బూట్ల వంక చూశాను. ఇంక ఆలోచించలేదు.

వెళ్ళి బావ కుడిపక్కన నిలబడ్డాను. చెయ్యి ఎత్తి, ఆయన చెవి పక్కన ఊపడం మొదలుపెట్టాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. చేతిని ఇంకొంచెం ముందుకు జరిపాను, కణత పక్కకు. ఎదురుగా ఉన్నవాళ్ళు మొదట నవ్వారు, ఇదీ వేడుకలో భాగమే అనుకున్నట్టున్నారు. పిల్ల కిలకిలా నవ్వింది. బావ తన మాటకే నవ్వారనుకుని, ఇంకా హుషారుగా చెప్పసాగాడు. నేను చెయ్యి ఆపలేదు. రెప్పకు తగిలేంత దగ్గరగా ఊపాను. ఆయన రెప్ప కదల్లేదు.

ముందు తాతగారి నవ్వు ఆగింది. తరవాత కోడలు కూతురి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మేడం ఒక మెట్టు దిగి అక్కడే ఆగిపోయింది. అక్క రొట్టెల మూట గుండెకు పట్టుకుని నా వంక చూస్తోంది. వద్దురా అని పెదాలు కదిపింది.

బావ మాట మధ్యలో ఆగాడు. ఎవరూ ఎందుకు నవ్వడం లేదో ఆయనకు అర్థం కాలేదు. నా ఊపిరి వినబడి ఉంటుంది, లేకపోతే నా చొక్కాకు అంటిన డీజిలు వాసన తగిలి ఉంటుంది. తల తిప్పలేదు. ఎదురుగానే చూస్తూ, నాకు మాత్రమే వినబడేట్టు అడిగాడు.

"ఎంతసేపట్నించీ ఊపుతున్నావురా?"

"ఇప్పుడే బావా" అన్నాను.

ఆయన సైకిలు దిగాడు. స్టాండు వేశాడు. మెడలోంచి ఈల తీసి సీటు మీద పెట్టాడు. మేడం మెట్లు దిగి వచ్చింది. నాతో, "ట్రిప్పు నువ్వు తీసుకెళ్ళు" అంది. తీసుకెళ్ళాను. మర్నాడు ఆ మలుపు దగ్గరికి వెళ్ళనే లేదు, అవతలి గట్టు వెంబడే తిప్పి మళ్ళీ పడవెక్కించాను. ఏనుగు లేదా అని పిల్ల దారంతా అడుగుతూనే ఉంది.

ఆఫీసులో ఆ ఫొటో తీసేశారు. బావకు క్యాంపులోనే ఏదైనా చిన్న పని ఇస్తానని మేడం అంది. ఆయన వెళ్ళలేదు. చుక్కల మందు అక్క పూటపూటకూ వేస్తూనే ఉంది. వేసినంతకాలం వేసింది గానీ, చలి తగ్గేలోపే ఆ మిగిలిన గొట్టం కూడా మూసుకుపోయింది. ఇప్పుడు వెలుతురు ఉందో లేదో మాత్రం చెప్పగలడు. చెప్పమని ఎవరూ అడగరు.

"చాటుగా చెప్పొచ్చు కదరా, అంతమందిలో ఆ పని చేయాలా?" అని అక్క ఇప్పటికీ అంటుంది. చాటుగా చెప్పానని తనకూ తెలుసు. అయినా అంటుంది, అనడానికి నేను తప్ప ఎవరున్నారు. మళ్ళీ అదే పొద్దు వస్తే మళ్ళీ అదే చేస్తాను. అది తలుచుకుంటే అన్నం సహించదు, అది వేరే సంగతి.

ఆ రోజు నుంచి బావ నాతో మాట్లాడలేదు. పని అయ్యాక రోజూ వాళ్ళింటికి వెళతాను. సరస్సులో నీళ్ళు ఎంత దిగాయో, ఏ పక్షులు వచ్చాయో చెబుతాను. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాడు. నా అడుగుల చప్పుడు వినగానే కోపంగా మొహం అటు తిప్పుకుంటాడు. నేను ఏ పక్కన నిలబడ్డానో ఆయనకు తెలియదు. ఒక్కోరోజు సరిగ్గా నా వైపే తిప్పుతాడు. అలా నా మొహంలోకే చూస్తూ, చాలాసేపు, నన్ను చూడకూడదనే పంతంతో కూర్చుంటాడు. నేను కదలను.